ఫ్లష్ ట్యాంకు వెనుకనున్న అరంగుళపు జాయింటును గూర్చి జలమండలి మేనేజింగ్ డైరెక్టరు గారికి బహిరంగ లేఖ

హైదరాబాదు మహానగర జలమండలి మేనేజింగ్ డైరెక్టరు గారి సముఖమునకు,



తమ మండలి యధీనమున నున్న మహాజలాశయములను గూర్చి గాని, నగరము నలుదిక్కులకు వ్యాపించిన పెద్ద పైపులైన్లను గూర్చి గాని, నీటి బిల్లుల బకాయిలను గూర్చి గాని ఈ లేఖ వ్రాయుటలేదు. ఆ విషయములను తమకు నివేదించుటకు శాసనసభ్యులును, వార్తాపత్రికలును, కాలనీ సంఘములును గలవు. ఎవ్వరును తమకు నివేదింపని యొక యల్పస్థానమును గూర్చి, అనగా ప్రతి యింటిలోను కమోడునకు వెనుక, గోడకు జానెడు దూరమున, నల్లానీరు ఫ్లష్ ట్యాంకులోనికి ప్రవేశించెడి అరంగుళపు జాయింటును గూర్చి, తమకును, తమ ద్వారా ఈ నగర పౌరులకును కొన్ని మాటలు విన్నవింపదలచి దీనిని బహిరంగముగా వ్రాయుచున్నాను. మరుగుదొడ్డి ప్రసంగము సభామర్యాదకు తగదని కొందఱు ముఖము త్రిప్పుకొనవచ్చును. కాని జాతీయ భవననిర్మాణ స్మృతి యొక మనిషికి దినమునకు 150 నుండి 200 లీటర్ల నీరు కావలెనని చెప్పి, అందులో 45 లీటర్లను ఫ్లష్ అవసరమునకే కేటాయించినది. ఇంటి నీటిలో నాల్గవ వంతునకు అటునిటుగా వ్యయమగు చోటును గూర్చి మాటాడుటకు సంకోచించినచో, నీటిపొదుపును గూర్చి మనము చేయు తక్కిన ప్రసంగములన్నియు అసమగ్రములే యగును.

ఆ జాయింటు వఱకు నీరు వచ్చిన మార్గమును ఒక్కసారి స్మరింపవలయును. 1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీనది యుప్పొంగి నగరమును ముంచివైచిన పిమ్మట, మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి సలహాల ననుసరించి చేపట్టబడిన జలాశయములలో ఉస్మాన్‌సాగరము 1920లోను, హిమాయత్‌సాగరము 1927లోను పూర్తియై, ఒకవంక వరదకు అడ్డుకట్టలుగను మఱియొకవంక త్రాగునీటికి ఆధారములుగను నిలిచినవి. నగరము పెరిగిన కొలది అవి చాలక మంజీరానది నీరు వచ్చినది. అదియు చాలక 2004లో కృష్ణాజలమును, 2015లో గోదావరీజలమును తెచ్చుకొనవలసి వచ్చినది. ఆ కృష్ణాజలమునకు మూలమైన నాగార్జునసాగరపు పూర్తి నీటిమట్టము సముద్రమట్టమునకు 590 అడుగుల యెత్తు. మన నగరము నిలిచిన పీఠభూమియో దాదాపు 1,700 అడుగుల యెత్తు. అనగా మన గృహములలో పారెడి ప్రతి కృష్ణాజలబిందువును నూఱు కిలోమీటర్లకు పైబడిన దూరము నడిపించి, వేయి యడుగులకు మించిన యెత్తునకు పంపులతో ఎక్కించి, నడుమ శుద్ధిచేసి, క్లోరిను కలిపి, రిజర్వాయర్లలో నిలిపి, వీథి పైపులో వదలి, ఇంటి సంపులోనికి దింపి, అచట నుండి మరల మోటారుతో మిద్దెమీది ట్యాంకునకు ఎక్కించి, తుట్టతుదకు ఆ అరంగుళపు నట్టు వద్దకు చేర్చుచున్నాము. ఇంత ప్రయాసమునకు లోనయిన నీరు, పదిరూపాయల వాషరు తిన్నగా కూర్చుండని కారణమున, ఎవరికిని ఉపయోగపడక మోరీపాలగుచున్నది.

ఈ నష్టము ఎంతయని అడిగినచో, లెక్క కఠినమైనది కాదు. సెకనునకు ఒక్క చుక్క చొప్పున జాయింటు కారుచున్నదని యనుకొందము. ఇరువది చుక్కలు కలసి ఒక మిల్లీలీటరగునని తక్కువగా లెక్కగట్టినను, దినమునకు 86,400 చుక్కలు నాలుగు లీటర్లను దాటును. సంవత్సరమునకు 1,500 లీటర్లకు మించును. ఇది బయటికి కనబడెడి కారుట. ట్యాంకు నిండగానే నీటిని ఆపవలసిన బాల్ కాక్ సరిగా మూసుకొనక, నీరు ఓవర్‌ఫ్లో గొట్టము గుండ కమోడులోనికి సన్నని ధారగా జారుచున్నచో అది కంటికిని కనబడదు, చెవికిని వినబడదు. ఆ ధార నిమిషమునకు 200 మిల్లీలీటర్లు మాత్రమే యయినను, దినమునకు 288 లీటర్లు, నెలకు 8,640 లీటర్లు. 2021 జనవరి నుండి నిబంధనలకు లోబడి ప్రతి గృహమునకు నెలకు ఉచితముగా లభించుచున్న 20,000 లీటర్లలో నూటికి 43 వంతులు ఆ యొక్క ధారయే మ్రింగివేయును. పెద్ద నగరములలో మనిషికి దినమునకు 135 లీటర్లు చాలునని ప్రమాణము గదా. ఇద్దఱు మనుష్యులు స్నానపానాదులకు వాడుకొనవలసిన నీరు, మనుష్యులెవ్వరును లేని గదిలో, రాత్రింబవళ్లు వృథాగా పోవుచున్నదన్నమాట.

ఇక్కడ మన నగర జీవనవిధానమున మఱియొక చిక్కు గలదు. అపార్టుమెంటులలో మీటరు సంపునకు ముందు ఒక్కటే యుండును. సంపు దాటిన పిమ్మట ఏ ఫ్లాటులో ఎంత కారినదియు ఆ మీటరునకు తెలియదు. ఒక్క ఫ్లాటువారి అజాగ్రత్త యందఱి లెక్కలో కలసిపోవును. వేసవిలో ట్యాంకరు తెప్పించుకొను దినములలో సంఘము కార్యదర్శి గారు అందఱిని సమావేశపఱచి, స్నానము తగ్గించుకొనుడని, కారు కడుగవలదని హెచ్చరించుచుందురు గాని, ఫ్లష్ ట్యాంకు వెనుకకు ఒకపరి వంగి చూడుడని చెప్పుట అరుదు. నీరు మాత్రము తన జాడను ఏదో యొకనాడు వెల్లడించును. మా కాలనీలోనే యొక భవనమున, మూడవ అంతస్తు బాత్రూము గోడకు బిగించిన యాంగిల్ కాక్ అను చిన్న కవాటము వద్ద నెలల తరబడి ఊరిన చెమ్మ, బాత్రూము నేల క్రింద పల్లముగా వేసిన సంకెన్ స్లాబులోని ఇటుకముక్కల పూడికలో నిండి, క్రింది ఫ్లాటు వంటగది గోడకు దిగి, రంగు పొక్కించి, స్విచ్ బోర్డు వఱకు ప్రాకినది. రెండు కుటుంబములవారు లిఫ్టులో ఎదురుపడినను పలుకరించుకొనుట మానివేసిరి. కాంక్రీటులోని యినుమునకు చెమ్మ తగిలి త్రుప్పు పట్టినచో అది యుబ్బి, స్లాబు పెచ్చులూడును. అప్పటి వ్యయము ముందు ఒక వాషరు వెల యెంత?

ఆర్యా, ఈ జాయింటు కారుటకు కారణము బలహీనముగా బిగించుట యని సామాన్యముగ అనుకొందురు. అందుచేతనే నీరు కారగానే పానాతో మఱింత బిగింతురు. అప్పటికిని కారినచో టేపు చుట్టి బిగింతురు. ఇంకను కారినచో పైన ఎం-సీల్ ముద్ద పూసి వెడలిపోవుదురు. నేను సవినయముగా చెప్పదలచినది యేమనగా, నీరు కారని జాయింటు బలము వలన గాక తెలివి వలన కలుగును. ఆ తెలివి యొక్క సారము కూడ ఒక్క భేదమును గుర్తించుటలో నున్నది. జాయింట్లు రెండు విధములు. గోడలోని ఎల్బోలోనికి యాంగిల్ కాక్ మరలు ఎక్కించు చోట నీటిని ఆపునది మరల సందులలో నిండిన టెఫ్లాన్ టేపు. కనెక్షన్ పైపు నట్టు యాంగిల్ కాక్‌నకును, ట్యాంకులోని బాల్ కాక్ తోకకును కలియు చోట నీటిని ఆపునది నట్టు లోపలి రబ్బరు వాషరు. అచట మరలు పట్టునకే గాని నీటిని ఆపుటకు కావు. ప్రెషర్ కుక్కరు మూత యెంత గట్టిగ నొక్కినను గాస్కెట్టు తిన్నగా కూర్చుండనిచో ఆవిరి ఆగదని మన గృహిణులందఱు ఎఱుగుదురు. ఈ రెండవ విధమైన జాయింటు స్వభావమును సరిగా అట్టిదే. మొదటి విధమునకు టేపు లేకున్నను, రెండవ విధమునకు వాషరు సరిగా లేక టేపు మాత్రము చుట్టినను, ఎంతటి బలశాలి బిగించినను నీరు కారక తప్పదు.

నగరమున మిక్కిలిగా కనబడెడి యొక సందర్భమును ఆధారముగా గొని పని క్రమమును వివరింతును. పాత యిండ్లలో మరుగుదొడ్డి యందు బకెటు నింపుకొనుటకు ఒక్క నల్లా మాత్రమే యుండును. వృద్ధులైన తల్లిదండ్రుల కొఱకు ఆ యింటివారు కమోడును, దానికి ఫ్లష్ ట్యాంకును పెట్టించుకొందురు. ఆ పాత నల్లా నుండియే ట్యాంకునకు నీరు కలుపవలసి వచ్చును. ముందుగా మిద్దెమీద ట్యాంకు వద్దనున్న వాల్వును కట్టి, క్రింద నల్లా త్రిప్పి పైపులోని నీరంతయు వెడలనీయవలయును. నల్లాను ఊడదీసిన పిమ్మట గోడలోని మరలలో చిక్కుకొన్న పాత టేపు పీలికలను, మట్టిని, పాత పండ్ల బ్రష్షుతో శుభ్రముగా తీసివేయవలయును. రెండు ద్వారములు గల యాంగిల్ కాక్, అనగా బజారులో టూ-వే అని యడిగిన ఇచ్చునది, ఆ స్థానమున బిగించినచో ఒక ద్వారము ట్యాంకునకు, మఱియొకటి హెల్త్ ఫాసెట్‌నకు ఉపకరించును. బకెటు నల్లా కూడ కావలెనన్నచో ‘టీ’ ఆకారపు జోడింపు నొకదానిని వేసి రెండింటిని నిలుపుకొనవచ్చును.

టేపు చుట్టుటలో చేతిదిశ ముఖ్యము. మరల కొనను తన వైపునకు పెట్టుకొని, గడియారపు ముల్లు తిరిగెడి దిశలో, టేపును కొంచెము లాగి పట్టి, మరల పల్లములలో అది యొదిగి కూర్చుండునట్లు చుట్టవలయును. వ్యతిరేకదిశలో చుట్టినచో, లోపలికి త్రిప్పునపుడు ఆ టేపు విప్పుకొని ముద్దయై వెలుపలికి వచ్చును. మొదటి మరను చుట్టక ఖాళీగా విడువవలయును. లేనిచో టేపు తునక పైపులోనికి చొచ్చి, నీటితో కొట్టుకొనిపోయి, బాల్ కాక్ సన్నని రంధ్రమున చిక్కి, దాని మూతను మూసుకొననీయదు. అరంగుళపు మరకు మన బజారులో దొఱకు పలుచని టేపు 8 నుండి 12 చుట్లు వేయుట వాడుక. గోడలోనిది ప్లాస్టిక్ మర యైనచో ఎక్కువ చుట్లు వేసి ఇత్తడి కాక్‌ను బలవంతముగ ఎక్కించుట అపాయకరము. ఆ ఎల్బో టైల్సు వెనుక చీలును, చీలిన సంగతి గోడ తడిసిన తరువాత గాని తెలియదు. అందుచేతనే ఇల్లు కట్టించుకొనునపుడు గోడలోపల ఇత్తడి మర పోసిన ఎల్బోనే వేయించుకొనవలెనని అనుభవజ్ఞులైన మేస్త్రీలు చెప్పుదురు.

ఇప్పుడు చెప్పబోవు తప్పు మిక్కిలి సాధారణమైనది గనుక దానిని విడిగా విన్నవించుచున్నాను. యాంగిల్ కాక్ యొక్క ముఖము బిగించి ముగించునప్పటికి క్రిందికి చూచుచుండవలయును. పనివాడు బిగించుచు బిగించుచు ఆ స్థానమును కొంచెము దాటిపోవును. అప్పుడు మఱియొక చుట్టు త్రిప్పుటకు సందు లేక, ముఖమును సరిచేయుటకై పావు చుట్టు వెనుకకు త్రిప్పును. ఆ వెనుకత్రిప్పుటతోనే, మరల నడుమ ఒత్తుకొని నిండియున్న టేపు తన పట్టును కోల్పోవును. ఆ క్షణమున నీరు కారకపోవచ్చును. మోటారు ఆడి ట్యాంకు నిండిన రాత్రి మెల్లగ ఊరనారంభించును. ఒకసారి వెనుకకు త్రిప్పినచో కాక్‌ను పూర్తిగా ఊడదీసి, టేపును కొత్తగా చుట్టి, మరల బిగించుట తప్ప వేఱు మార్గము లేదు. అట్లే, టైల్సు పరచిన పిమ్మట గోడలోని ఎల్బో లోపలికి పోయి, కాక్ మరలు రెండు మూడు మాత్రమే అందుచున్నచో, ఎక్స్‌టెన్షన్ నిపుల్ వేయవలయును. వాల్ ఫ్లాంజ్ మూత క్రింద ఆ కొఱత దాగియుండును గాని తీరదు.

కాక్ బిగిసిన పిమ్మట కనెక్షన్ పైపును వెంటనే తగిలింపరాదు. ఒక బకెటు క్రింద పెట్టి, వాల్వు తెఱచి, కాక్‌ను పూర్తిగా విప్పి, నీటిని కొంతసేపు వదలవలయును. ఇసుక, త్రుప్పు, పైపు కోసిన రజను అన్నియు ఆ బకెటులో పడును. ఈ యొక్క పని చేయని కారణముననే అనేక గృహములలో కొత్త బాల్ కాక్ పెట్టిన దినముననే ఆగక కారును. వస్తువు చెడ్డదని దుకాణదారునితో వాదులాడుదురు. పిమ్మట పైపు పొడవును చూడవలయును. పొట్టి పైపును సాగదీసి తగిలించినచో నట్టు వంకరగా ఎక్కును. మిక్కిలి పొడవైనది మడతపడును. మెత్తని వంపుతో చేరునంత పొడవుండుట మేలు. నట్టు లోపల వాషరు ఉన్నదో లేదో, మడత పడినదో తిన్నగా కూర్చున్నదో కంటితో చూచి, మొదట చేతితోనే త్రిప్పవలయును. చేతికి తేలికగా తిరుగక మొదటి చుట్టులోనే పట్టుచున్నచో మరలు అడ్డముగా ఎక్కినవని గ్రహించి విప్పవలయును. ప్లాస్టిక్ నట్టునకు చేతిబిగువు చాలును; ఇత్తడి నట్టునకు చేతిబిగువు తరువాత పానాతో పావు చుట్టు చాలును. ఆ పావు చుట్టు వేయునపుడు మఱియొక పానాతో కాక్‌ను కదలకుండ పట్టుకొనవలయును.

ట్యాంకు వైపున పని చేయునపుడు రెండు చేతులును కావలయును. ఒక చేయి ట్యాంకు లోపల బాల్ కాక్‌ను పట్టుకొనియుండగా, రెండవ చేయి వెలుపల నట్టును త్రిప్పవలయును. లేనిచో నట్టుతోపాటు బాల్ కాక్ కూడ తిరిగి, దాని బంతి ట్యాంకు గోడకు తగిలి, పైకి తేలక చిక్కుకొనును. బాల్ కాక్‌ను ట్యాంకునకు పట్టియుంచెడి చెక్ నట్టునకు చెందిన వాషరు ట్యాంకు లోపలి వైపున ఉండవలయును; వెలుపల వేసినచో నీరు రంధ్రము గుండ దిగి నట్టు చుట్టును చెమ్మగా చేరును. అదంతయు ముగిసిన పిమ్మట బంతిని సవరించి, నీటిమట్టము ఓవర్‌ఫ్లో గొట్టపు నోటికి ఒక అంగుళము క్రిందనే ఆగునట్లు చేయవలయును.

ఈ సందర్భముననే తమ మండలికి నేరుగా సంబంధించిన యొక ఆరోగ్య విషయమును మనవి చేయవలసియున్నది. కొందఱు ఈ శ్రమయంతయు ఎందుకని, నల్లాకు రబ్బరు గొట్టము తొడిగి, దాని కొనను ఫ్లష్ ట్యాంకు నీటిలో ముంచి విడుచుచున్నారు. ఆ నల్లా వీథి లైనునకు నేరుగా కలిసినదై, నీటి సరఫరా ఆగినప్పుడు లైను ఖాళీ యగుచుండగా, లోపల శూన్యము ఏర్పడి, ట్యాంకులోని నీటిని వెనుకకు పీల్చుకొనగలదు. వరుసలో ఎవరైన మోటారును నేరుగా లైనునకు తగిలించి లాగుచున్నచో ఆ పీల్పు మఱింత హెచ్చును. దినము విడిచి దినము నీరు వచ్చెడి వీథులలో ఇది కేవలము ఊహ కాదు. నీరు ప్రవేశించు నోరు ఎల్లప్పుడును ట్యాంకులోని నీటిమట్టమునకు పైన, గాలిలో, ఉండవలెనన్నది జలసరఫరా శాస్త్రమున ప్రథమ సూత్రములలో నొకటి. ఒక యింటివారి సౌకర్యము వీథిలోని వారందఱి త్రాగునీటిని మలినపఱుపరాదు.

పని ముగిసినదని యెట్లు నిర్ణయింపవలయును? పనివాడు చేయి కడుగుకొన్నపుడు కాదు, పరీక్ష నెగ్గినపుడు. ప్రతి జాయింటును పొడిగుడ్డతో తుడిచి, దాని క్రింద ఒక దినపత్రిక కాగితమును పఱచి, రాత్రియంతయు విడువవలయును. చేతికి తగులని చెమ్మ కూడ కాగితముపై మచ్చగా కనబడును. మొదటి రాత్రి కాగితము పొడిగా ఉన్నచో పని మంచిది. లోపలి కారుటకు మఱియొక పరీక్ష గలదు: ట్యాంకులోని నీటిలో నీలిసిరా చుక్కలు కొన్ని వేసి, అరగంట సేపు ఫ్లష్ నొక్కకుండ ఉండవలయును. కమోడులోని నీటికి నీలిరంగు వచ్చినచో, ట్యాంకు లోలోపల కారుచున్నదని యర్థము. ఓవర్‌ఫ్లో గొట్టములోనికి నీరు జారుచున్నట్లు మూత తీసి చూచినపుడు కనబడినచో దోషము బాల్ కాక్‌ది; అట్లు జారకయే రంగు వచ్చినచో ట్యాంకు అడుగున ఫ్లష్ వాల్వు వాషరు పాడయినదన్నమాట. పది సంవత్సరముల పిల్లవాడు గూడ చేయగల ఈ పరీక్షలను మన నగరమున ఎన్ని గృహములలో చేయుచున్నారు?

చక్కగా చేసిన జాయింటు కూడ పోషణ కోరును. మన నగరమున నల్లానీటితో బోరునీరు కలసి వాడబడుచున్నది. ఆ బోరునీటిలోని లవణములు తెల్లని పొరగా బాల్ కాక్ రంధ్రమునకు, కాక్ మరలకు పట్టుకొనును. నెలల తరబడి త్రిప్పని యాంగిల్ కాక్ అట్లే బిగుసుకొనిపోయి, పైపు పగిలి నీరు పొంగుచున్న వేళ చేతికి తిరుగదు. మూడు నాలుగు నెలలకు ఒకసారి దానిని పూర్తిగా మూసి తెఱచుట మంచి యలవాటు. క్రింది అంతస్తులవారికి ఈ జాగ్రత్త మఱింత అవసరము. ప్రతి పది మీటర్ల యెత్తునకు నీటి యొత్తిడి చదరపు సెంటీమీటరునకు దాదాపు ఒక కిలో చొప్పున పెరుగును గనుక, ఐదంతస్తుల భవనమున మిద్దెమీది ట్యాంకు నుండి దిగివచ్చెడి నీరు మొదటి అంతస్తు జాయింటును పైయంతస్తు జాయింటు కంటె మిక్కుటముగా నొక్కుచుండును. ఊరికి పోవునపుడు గ్యాసు కట్టినట్లే యాంగిల్ కాక్‌లను గూడ కట్టి పోవుట ప్రతి గృహస్థునకు నియమము కావలయును.

ఇంత చెప్పిన పిమ్మట, ఈ పని చేయువారిని గూర్చి రెండు మాటలు చెప్పక ముగించుట న్యాయము కాదు. ఇనుప పైపులకు సఫేదా పూసి, నార చుట్టి, జాయింట్లు వేసిన పాతకాలపు పనివారి చేతులలో ఎంతో విద్య యుండెడిది. ఆ విద్య తండ్రి నుండి కొడుకునకు, మేస్త్రీ నుండి శిష్యునకు వచ్చినది. సీపీవీసీ పైపులు, ప్లాస్టిక్ బాల్ కాక్‌లు వచ్చిన పిమ్మట వస్తువులు మాఱినవి గాని, వానికి తగిన విద్యను అందఱకు అందించినవారు లేరు. ఐటీఐలలో ప్లంబరు ట్రేడు ఒక సంవత్సరపు శిక్షణగా ఉన్నను, వీథులలో పనిచేయువారిలో ఎంతోమంది ఆ గడపను త్రొక్కనివారే. ఒడిశాలోని కేంద్రపారా జిల్లా వారు ప్లంబింగు పనిని కులవృత్తి కాకున్నను ఊరివృత్తిగా చేసికొని, దేశమందలి మహానగరములన్నిటికి వలసపోయి గౌరవముగా జీవించుచున్నారు. పట్టాముండైలో ఆ విద్యకు ప్రత్యేకముగా ఒక ప్రభుత్వ శిక్షణసంస్థయే వెలసినది. మన రాష్ట్రమున అట్టి గౌరవమును ఈ వృత్తికి కల్పింపలేమా? గంటసేపు వంగి, ఇఱుకు మూలలో, మనము చేయి పెట్టుటకు జంకు చోట పనిచేసినవానికి మనమిచ్చు కూలిని బేరమాడి తగ్గించి, పరీక్షించుటకు వ్యవధి నీయక పంపివేసి, పిమ్మట జాయింటు కారినదని నిందించుట ధర్మము కాదు.

కావున తమకు నా విన్నపములు నాలుగు. మొదటిది: ప్రతి నెలయు ఇంటింటికి అందెడి నీటి బిల్లు వెనుకవైపు ఖాళీ స్థలమున, తెలుగులోను, ఉర్దూలోను, హిందీలోను, బొమ్మలతో, కాగితపు పరీక్షను, సిరా పరీక్షను, రెండు విధముల జాయింట్లను ముద్రింపుడు. రెండవది: తమ డివిజను కార్యాలయములలో నెలకు ఒక దినము స్థానిక ప్లంబర్లకు ఉచిత శిక్షణ యేర్పఱచి, ఒక చెక్కపలకపై గోడ ఎల్బో, యాంగిల్ కాక్, ట్యాంకు అమర్చి, వారిచేతనే బిగింపజేసి, ఒత్తిడి పెట్టి పరీక్షించి, నెగ్గినవారికి గుర్తింపు కార్డు నీయుడు, శిక్షణకు వచ్చిన దినపు కూలిని గూడ చెల్లింపుడు, ఏలయనగా కూలి మానుకొని చదువుటకు వారికి శక్తి చాలదు. మూడవది: కొత్త భవనములకు నీటి కనెక్షను ఇచ్చునపుడు, ప్రతి ఫ్లాటులోని ప్రతి ఫ్లష్ ట్యాంకు జాయింటును ఒక రాత్రి కాగితముపై పరీక్షించినట్లు బిల్డరు వద్ద వ్రాతపూర్వకమైన హామీ తీసికొనుడు. నాల్గవది: వేసవికి ముందు ఒక వారమును నిర్ణయించి, పాఠశాలల ద్వారా పిల్లలచే తమ తమ యిండ్లలో సిరా పరీక్ష చేయింపుడు; వారు తెచ్చిన ఫలితములను క్రోడీకరించినచో, నగరములో ఎన్ని ట్యాంకులు లోలోపల కారుచున్నవో తమకు మొట్టమొదటిసారి లెక్క దొఱకును.

మీటరు దాటిన తరువాత నీరు వినియోగదారునిదే, ఇంటిలోపలి జాయింట్లతో మండలికి సంబంధము లేదని తమ అధికారులు చెప్పవచ్చును. చట్టరీత్యా అది సత్యమే కావచ్చును. కాని 1989లో ఈ మండలిని స్థాపించినపుడు దానికి అప్పగించిన పేరులోనే నీటి సరఫరాతోపాటు మురుగునీటి పారుదల గూడ నున్నది. ఫ్లష్ ట్యాంకు నుండి వృథాగా జారిన నీరు అచటితో మాయమగుటలేదు. అది డ్రైనేజీ లైనులోనికి చేరి, శుద్ధి కేంద్రమునకు పోయి, అచట మరల విద్యుత్తును, రసాయనములను, మనుష్యశ్రమను కోరుచున్నది. మంచినీటిగా ఒకసారి, మురుగునీటిగా మఱియొకసారి, ఒకే చుక్కకు తమ మండలి రెండుమార్లు వ్యయము చేయుచున్నది. అట్టిచో ఆ చుక్క పుట్టు చోటు తమకు పరాయిది యెట్లగును?

కొత్త జలాశయము కట్టుటకు వేల కోట్లును, దశాబ్దములును కావలయును. ఉన్న జాయింటును సరిచేయుటకు ఒక వాషరు, ఒక టేపు చుట్ట, ఒక గంట శ్రద్ధ చాలును. ఈ వేసవి రాకముందే మొదటి విన్నపమునైనను అమలుపఱచి, వచ్చే నెల బిల్లు వెనుకవైపున ఆ బొమ్మలను ముద్రింపింపవలసినదిగా తమను ప్రార్థించుచున్నాను. ఈ లేఖను చదివిన నగరవాసులారా, మీరును మండలి యాజ్ఞకై వేచియుండక, ఈ రాత్రియే మీ ఫ్లష్ ట్యాంకు క్రింద ఒక కాగితము పఱచి, రేపు ఉదయము చూచుకొనుడు.

ఇట్లు,
భవదీయుడు,
నల్లా వినియోగదారుడైన యొక నగర పౌరుడు